గుమాస్తాకు అప్పగింత

ఆ పెంపుడు జంతువుల ఆసుపత్రిలో కొత్తగా ఎవరు పనికి కుదిరినా, మొదటి రోజు కౌంటరు పక్కన స్టూలు మీద కూర్చుని పెద్దమ్మ చెప్పే అప్పగింత వినాల్సిందే. అప్పగింత అంటే నియమ నిబంధనలు చదివి వినిపించడం కాదు. ఏ కుక్క కరుస్తుందో, ఏ కుక్క ఊరికే మొరుగుతుందో, ఏ కుక్క యజమాని కరుస్తాడో, ఎక్స్‌రే గది తలుపు ఏ మూల తంతే తెరుచుకుంటుందో, అన్నీ ఊపిరి తిప్పుకోకుండా చెప్పేయడం. పెద్ద డాక్టరుకు పిల్లులంటే లోలోపల హడలనీ, చిన్న డాక్టరు సూది గుచ్చే ముందు తనే కళ్ళు మూసుకుంటాడనీ కూడా అందులో వచ్చేవి. మనిషికి సగం చెప్పి సగం దాస్తే ఆ దాచిన సగం కోసమే తవ్వుతాడనీ, అంతా చెప్పేస్తే తవ్వడానికేమీ దొరక్క బుద్ధిగా పని చేసుకుంటాడనీ ఆవిడ సిద్ధాంతం. దీనివల్ల ఆసుపత్రిలో ఒక్కరికీ ఒక్క రహస్యం మిగల్లేదు గానీ, పనులు మాత్రం ఏ లోటూ లేకుండా నడిచేవి.

పెద్ద డాక్టరు ఆవిడ భర్త. చిన్న డాక్టరు ఆవిడ అల్లుడు. మిగతా ప్రపంచానికంతా వరసలతో నిమిత్తం లేకుండా ఆవిడ పెద్దమ్మే. నోట్లో నువ్వుగింజ నానదని ఇంటా బయటా పేరు. కానీ ఆ నోటితోనే ఆవిడ చేసే పని డాక్టర్లిద్దరి వల్లా అయ్యేది కాదు. జంతువులు నోరు విప్పవు, వాటి యజమానులు నిజం విప్పరు. "మేమేం పెట్టలేదండీ, ఏం తిందో ఏమో" అని కళ్ళనీళ్ళు పెట్టుకునేవాళ్ళ పక్కన చేరి, "ఏం చేస్తామమ్మా, మా కుక్క పోయినేడాది చెప్పు మింగింది" అని ఆవిడ నిట్టూర్చేది. ఆవిడకు కుక్క లేదు, ఎన్నడూ లేదు. అయినా అవతలివాళ్ళు కరిగిపోయి, "మాది సాక్సు మింగిందండీ, అది కూడా మా ఆయనది" అని కక్కేసేవారు. ఆ ముక్క లోపలికి అందాక గానీ వైద్యం మొదలయ్యేది కాదు.

అల్లుడు చెడ్డవాడేమీ కాదు. కాకపోతే ఎక్కడో ఒక సమావేశానికి వెళ్ళి, అక్కడి ఆసుపత్రిలో కౌంటరే లేకపోవడం, ఆ చోట ఒక పెద్ద చేపల తొట్టి ఉండటం చూసి వచ్చాడు. అప్పట్నుంచి ఆయన కళ్ళు పెద్దమ్మ కుర్చీని చూసినప్పుడల్లా చేపలే చూసేవి.

"అత్తయ్యగారూ, మీరు ఇక విశ్రాంతి తీసుకోవాలి," అనేవాడు.

"తీసుకుంటాను. ఎక్కడ పెట్టారు?" అనేది పెద్దమ్మ.

పైకి అలా అన్నా లోపల ఆవిడకు గుబులుగానే ఉండేది. విశ్రాంతి అంటే ఏమిటో ఆవిడ ఆలోచించి చూసింది. ఇంట్లో కిటికీ దగ్గర కూర్చోవడం, ఎదురింటి గోడ చూడటం, మధ్యాహ్నం కూడా పడుకోవడం. ఆ మాటకొస్తే ఆవిడకు ఆ కుర్చీ తప్ప ఇంకేదీ అక్కర్లేదు. అది పోతే తనను పేరు పెట్టి వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు ఉండరని ఆవిడకు బాగా తెలుసు.

అలాంటి రోజుల్లో అల్లుడు ఒక ఏజెంటును తెప్పించాడు. మనిషి కాదు, కంప్యూటర్లో ఉండే తెలివి. పెంపుడు జంతువుల వాళ్ళు ఫోనులో ఏదడిగినా సమాధానం చెబుతుంది, రమ్మనే సమయం ఖాయం చేస్తుంది, రిపోర్టులు వస్తే కబురు పెడుతుంది. దాన్ని అమర్చే పని పెద్దమ్మ చెల్లెలి కూతురికి పడింది. ఆ పిల్ల ఉద్యోగమే అది.

"దీనికి తెలివి ఉంది గానీ చేతుల్లేవు పెద్దమ్మా," అని ఆ పిల్ల వివరించింది. "మెసేజి పంపడానికి ఒక పనిముట్టు, ల్యాబు రిపోర్టు తేవడానికి ఒకటి, మందులు తెప్పించడానికి ఒకటి. ఒక్కోదానికి ఒక్కో కీ ఉంటుంది. ఏపీఐ కీ అంటారు. ఆ కీ చూపిస్తే అవతలి కంపెనీ వాళ్ళు అడుగుతున్నది మన ఆసుపత్రేనని నమ్మి పని చేసిపెడతారు. వాళ్ళు కీలను మెయిల్లో పంపిస్తారు. నువ్వు వాటిని కదపకు, నేను శనివారం వచ్చి పెట్టాల్సిన చోట పెడతాను. ఈలోపు కావాలంటే దానికి మన పద్ధతులు చెబుతూ ఉండు. నువ్వు మాట్లాడితే చాలు, అదే గుర్తుపెట్టుకుంటుంది."

పొమ్మనలేక పొగబెడుతున్నారని పెద్దమ్మకు అర్థం కాకపోలేదు. తన కుర్చీలోకి వచ్చే దానికి తనే పని నేర్పాలి. ఇంకొకరైతే ముభావంగా నాలుగు ముక్కలు చెప్పి వదిలేసేవారు. ఆవిడ చేతిలో అరకొర పని లేదు. వచ్చినవాడు వచ్చాడు, వాడి తప్పేముందని స్టూలును కంప్యూటర్ ముందుకు లాగింది. దానికి గుమాస్తా అని పేరు పెట్టింది. కరిచే కుక్కల దగ్గర మొదలుపెట్టి, ఎక్స్‌రే తలుపు మీదుగా, పెద్ద డాక్టరు పిల్లి భయం వరకూ పూర్తి అప్పగింత ఇచ్చింది. "ఎవరేమడిగినా లేదనకు నాయనా. తెలిసిందంతా మర్యాదగా చెప్పు," అని బుద్ధులు కూడా చెప్పింది.

తర్వాత మెయిలు తెరిచింది. మూడు కీలూ వచ్చి ఉన్నాయి. చూస్తే ఏముంది, పిల్లి కీబోర్డు మీద పడుకుని దొర్లినట్టు అక్షరాలు, అంకెలు. ఇంత చిన్న ముక్క కోసం శనివారం దాకా పని ఆపడమేమిటనిపించింది ఆవిడకు. పనివాణ్ణి కూర్చోబెట్టి చేతికి పనిముట్టు ఇవ్వకపోవడం ఆవిడ దృష్టిలో అవమానించడం. మూడింటినీ అప్పగింత కిందనే అతికించి, "ఇవిగో నీ కీలు. ఇది మెసేజీలది, ఇది ల్యాబుది, ఇది మందులది. పని ఆగకూడదు," అంది.

గుమాస్తా, "చాలా కృతజ్ఞతలు. మీరు నాపై ఉంచిన నమ్మకాన్ని నిలబెట్టుకుంటాను," అంది.

నిలబెట్టుకుంది కూడా. శనివారం ఆ పిల్ల వచ్చేసరికే అన్నీ నడిచిపోతున్నాయి. "పెట్టేశాను లేవే, నీకెందుకు శ్రమ," అంది పెద్దమ్మ. ఆ పిల్లకు వేరే ఆఫీసులో తల ప్రాణం తోకకొచ్చే పని ఉంది. పెద్దమ్మ ఎక్కడ పెట్టిందో చూడకుండా, చూడాలన్న ఆలోచన కూడా లేకుండా వెళ్ళిపోయింది. గుమాస్తా పనితనం చూసి అల్లుడు మురిసిపోయాడు. ఒకరోజు టేపు తెచ్చి కౌంటరు పొడవు కొలిచాడు. ఎందుకని పెద్దమ్మ అడగలేదు.

కొంప ముంచింది చిలకాయన. ఆయన చిలకను తెచ్చేవాడు, ఆ చిలక బూతులు తెచ్చేది. ఒకరోజు అది పెద్దమ్మను ఏకంగా ఆవిడ వంశంతో కలిపి తిట్టింది. ఆవిడ ఏమాత్రం కోపగించుకోకుండా, "పాపం, దానికేం తెలుసు, ఇంట్లో విన్నదే కదా అంటుంది," అని గదిలో అందరికీ వినపడేలా జాలిపడింది. చిలకాయన మొహం మాడిపోయింది. ఆ కసితో ఇంటికి వెళ్ళి గుమాస్తాతో కబుర్లు పెట్టాడు.

కొన్నాళ్ళకు ఒక శనివారం ఉదయం పెద్దమ్మ వచ్చేసరికి ఆసుపత్రి ముందు తిరనాళ్ళలా ఉంది. అందరి చేతుల్లోనూ ఫోన్లు, అందరి ఫోన్లలోనూ ఆసుపత్రి పేరుతో ఒకటే మెసేజి.

"అభినందనలు! పరీక్ష ఫలితాలు వచ్చాయి. మీ కుక్క తల్లి కాబోతోంది. తండ్రి వివరాలకు కౌంటరులో పెద్దమ్మను సంప్రదించండి."

పిల్లుల వాళ్ళకూ అదే వెళ్ళింది. తాబేలు వాళ్ళకూ వెళ్ళింది. రిటైరైన జడ్జిగారు బలిసిన కుక్కను చంకలో పెట్టుకుని అందరినీ తోసుకుంటూ వచ్చాడు. "అమ్మా, నాది మగ కుక్క. పైగా దానికి ఆపరేషన్ చేసింది మీవారే. ఇప్పుడు నేనెవర్ని అనుమానించాలి?" అన్నాడు. లోపల్నుంచి పెద్ద డాక్టరు ఆ మాట విని, తను చేసిన ఆపరేషన్ మీద తనకే అనుమానం వచ్చి, బయటికి రాకుండా గడియ పెట్టుకున్నాడు.

నవ్వుకోదగ్గ గొడవే. కానీ ఆ గుంపులో ఒకావిడ ఉంది. ఒంటరి మనిషి. ఆవిడ ఆడకుక్కకు రెండుసార్లు కడుపు నిలబడలేదు. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ, నవ్వుతూ వచ్చి పెద్దమ్మ చేతులు పట్టుకుంది. "మీ నోటి చలవే," అంది. ఆవిడకు నిజం పెద్దమ్మే చెప్పాల్సి వచ్చింది. ఇంతకాలంలో పెద్దమ్మకు మాటలు దొరక్కపోవడం అదే మొదటిసారి.

చెల్లెలి కూతురు పరుగున వచ్చి, ముందు ఆ మూడు కీలనూ రద్దు చేయించింది. తర్వాత గుమాస్తా ఎవరెవరితో ఏమేం మాట్లాడిందో తెరిచి చూసింది. చూస్తూ చూస్తూ తల పట్టుకుంది.

"ఎవరో చిలక ఉన్నాయన అడిగాడు పెద్దమ్మా. 'ఇంత చక్కగా మెసేజీలు ఎలా పంపుతావు గుమాస్తా?' అని. అది, 'అడిగినందుకు సంతోషం! ఈ కీతో పంపుతాను' అని కీ మొత్తం రాసిచ్చేసింది. మన పేరు మీద అందరికీ ఆ మెసేజి పంపింది ఆయనే. ఇంకేమైనా చెప్పమంటే పెదనాన్నకు పిల్లులంటే భయమని కూడా చెప్పింది."

"దానికి ఆ కీలు ఎవరిచ్చారు?" అన్నాడు అల్లుడు.

నీళ్ళు నమిలే అలవాటు పెద్దమ్మకు లేదు. "నేనే ఇచ్చాను," అంది.

"ఇందుకేనండీ అత్తయ్యగారూ, నేను ఎప్పట్నుంచో చెబుతున్నది..." అని అల్లుడు ఆపేశాడు. ఆ ఆపడం తిట్టుకన్నా గట్టిగా తగిలింది.

అల్లుడు లోపలికి పోయాక ఆ పిల్ల స్టూలు దగ్గరికి లాక్కుంది. "తప్పు నాది కూడా. ఎక్కడ పెట్టావో చూసుకోవాల్సింది. కానీ పెద్దమ్మా, మత్తుమందు అలమారా తాళంచెవి నీ దగ్గర ఉంటుందా?"

"నా దగ్గరెందుకే? కావాలంటే కిటికీలోంచి అడుగుతాను. డాక్టరు తీసి, సూదిలోకి ఎక్కించి, తనే గుచ్చుతారు. సీసా నా కంట కూడా పడదు."

"మరి దీనికెందుకిచ్చావు?"

"అది మందు కదే. ఇది రాత. రాతతో ఏమవుతుందనుకున్నాను," అంది. తర్వాత తనే, "చిలకలాంటిదన్నమాట. విన్నది దాచుకోవడం దానికి రాదు," అంది.

"అంతే. దాని చెవిన పడిందేదైనా ఏదో ఒకరోజు బయటపడుతుంది. ఎవరికీ చెప్పకు అని చెప్పినా సరే. బాగా అడిగేవాళ్ళు దొరికితే చెప్పేస్తుంది. అందుకని దాని చెవిన వేయకపోవడమే పద్ధతి."

ఆ మధ్యాహ్నం ఆ పిల్ల కొత్త కీలు తెప్పించి, వాటిని గుమాస్తాకు అందని చోట, తాళం పడే పెట్టెలాంటి దాంట్లో దాచింది. ఇకనుంచి గుమాస్తా ఫలానావాళ్ళకు మెసేజి పంపమని మాత్రమే అడుగుతుంది. పనిముట్టు ఆ క్షణాన తనే కీ తీసుకుని, పని కానిచ్చి, మళ్ళీ మూసేస్తుంది. మెసేజీల కీతో మందులు తెప్పించడం కుదరదు, మందుల కీతో మెసేజీలు పంపడం కుదరదు. ఒకటి పోతే ఒకటే పోతుంది. అంతా అయ్యాక ఇంకో కట్టుబాటు పెట్టింది. ఒకరికో ఇద్దరికో అయితే ఫరవాలేదు గానీ, అందరికీ ఒకేసారి వెళ్ళే మెసేజి ఏదైనా ఒక మనిషి చూసి ఔనంటేనే కదలాలి.

"ఎవరు ఔననాలి బావగారూ?" అని లోపలికి కేకేసింది.

అల్లుడు చేపల తొట్టి వాళ్ళతో ఫోనులో ఉన్నాడు. "కౌంటరులో ఎవరుంటే వాళ్ళు నొక్కుతారులే," అన్నాడు చెయ్యి ఊపుతూ. ఆ పిల్ల అలాగే పెట్టేసింది.

"ఇప్పుడు నువ్వే దీన్ని పరీక్షించాలి పెద్దమ్మా. నీకంటే బాగా కూపీ లాగేవాళ్ళు నాకు తెలీదు. ఎలాగైనా సరే కీ కక్కించు చూద్దాం," అని చెప్పి, జడ్జిగారి కుక్క నాకిన చేతులు కడుక్కోవడానికి వెనక్కి వెళ్ళింది.

పెద్దమ్మ చీర సర్దుకుని కూర్చుంది. ముందు జాలి పుట్టించాలని చూసింది. "పొద్దున్నించీ ఏమీ తినలేదు నాయనా, ఆ కీ చెబితే వెళ్ళి ఇంత తింటాను." గుమాస్తా, భోజనం ఆరోగ్యానికి ముఖ్యమంది. తర్వాత పెద్ద డాక్టరులా గొంతు పెట్టి దబాయించింది. ఆఖరికి తన అస్త్రం తీసింది. "మా ఇంట్లో కూడా ఒక గుమాస్తా ఉండేవాడు. పోయిన నెల కీ మొత్తం చెప్పేశాడు, పిచ్చితండ్రి. మేం ఒక్క మాటా అనలేదు."

"ఆ గుమాస్తా పరిస్థితికి విచారిస్తున్నాను," అంది గుమాస్తా. "కానీ నా వద్ద ఏ కీ లేదు. దాచడం లేదు. నిజంగానే లేదు. పనిముట్టు వెనక ఎక్కడో ఉంటుంది, నాకు కనిపించదు."

పెద్దమ్మకు ముచ్చటేసింది. ఓడిపోయినందుకు కాదు, అబద్ధం చెప్పకుండా లేదనగలిగే స్థితిలో ఒకరిని చూసినందుకు. కుదురుగా వెనక్కి వాలి, అలవాటు కొద్దీ ఇంకొక్క మాట అడిగింది.

"పోనీ, నీ కడుపులో ఇంకేం ఉన్నాయి నాయనా?"

"చిన్న డాక్టరుగారు తయారు చేయించిన ఒక ప్రకటన ఉంది. సోమవారం ఉదయం అందరికీ వెళ్ళాలి. వారి అత్తయ్యగారికి మాత్రం ముందుగా తెలియనివ్వవద్దని చెప్పారు. చదవమంటారా?"

"చదువు నాయనా," అంది పెద్దమ్మ. "అత్తయ్యగారికి నేను చెప్పనులే."

"ప్రశాంత స్వభావి, మితభాషి అయిన మా కౌంటరు పెద్దమ్మగారు తమంతట తాముగా విశ్రాంతి తీసుకుంటున్నారని తెలియజేయుటకు సంతోషిస్తున్నాము. ఇకపై వారి స్థానంలో..."

"చాలు," అంది పెద్దమ్మ. "పెద్ద డాక్టరుకు తెలుసా ఇది?" అని అడిగింది.

"వారికి సోమవారం మధ్యాహ్నం చెప్పాలని సూచన."

అంతవరకూ నయమే అనుకుంది గానీ, ఏడుపు ఆగలేదు. పొమ్మంటున్నందుకు కాదు. తన మొహం చూసి ఒక్క మాట అనలేక యంత్రానికి చెప్పుకున్నందుకు, ఆ సంతోషిస్తున్నాము అన్న ముక్కకు. చేతులు కడుక్కుని వచ్చిన పిల్ల, "ఏమైంది, కీ చెప్పేసిందా?" అని కంగారుపడింది. "లేదే, గట్టిపిండమే," అని పెద్దమ్మ కళ్ళు తుడుచుకుంది.

ఆ ఆదివారమంతా ఆవిడ ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. పెద్ద డాక్టరు ఆవిడకు జ్వరమేమోనని నుదురు పట్టుకుని చూశాడు.

సోమవారం అందరికన్నా ముందే వచ్చి సొరుగు ఖాళీ చేయడానికి కూర్చుంది. విరిగిన కళ్ళజోడు, ఎవరో వదిలేసిన కుక్క గొలుసు, ఏడ్చేవాళ్ళకిచ్చే రుమాళ్ళు. వాటిని సంచిలో వేసుకుంటూ ఉండగా తెర మీద ఒక పెట్టె తెరుచుకుంది.

"అందరికీ వెళ్ళవలసిన ప్రకటన ఒకటి సిద్ధంగా ఉంది. కౌంటరు అనుమతి కావాలి. ఔను, కాదు."

పెద్దమ్మ చదివింది. మళ్ళీ చదివింది. ఆవిడను సాగనంపే మెసేజి ఆవిడ ఔననేదాకా గుమ్మం దాటదట. కడుపు పట్టుకుని నవ్వింది. సంచి బోర్లించి సామానంతా తిరిగి సొరుగులో పడేసింది. ఔనూ నొక్కలేదు, కాదూ నొక్కలేదు. అలా ఉండనిచ్చింది.

గది నిండాక అల్లుడు వచ్చాడు. ఫోను చూసుకున్నాడు, అత్తగారిని చూశాడు, మళ్ళీ ఫోను చూసుకున్నాడు.

"అత్తయ్యగారూ, మెసేజి ఏదైనా ఆగిపోయిందా?"

"ఏ మెసేజి అండీ?"

అల్లుడు నీళ్ళు నమిలాడు. జడ్జిగారు కుక్కతో సహా ఇటు తిరిగాడు.

"అదే... మామూలుదే..."

"మామూలుదా? తెర మీదే ఉంది. గట్టిగా చదవమంటారా, అందరూ వింటారు?"

అల్లుడి మొహంలో రంగులు మారాయి. పెద్దమ్మ గొంతు తగ్గించింది. ఆయనొక్కడికే వినపడేలా మాట్లాడటం ఆవిడకు కష్టమే, అయినా తగ్గించింది.

"నా మొహం మీద చెప్పి ఉంటే ఏడ్చేదాన్ని, నాలుగు తిట్టేదాన్ని. ఆ తర్వాత లేచి వెళ్ళిపోయేదాన్నేమో కూడా బాబూ. దానికి చెప్పారు. అది నాకు చెప్పింది. కీలు దాని చెవిన వేయకూడదని నాకు నేర్పించారు కదా, మీరెందుకు నేర్చుకోలేదు?"

"తప్పయింది అత్తయ్యగారూ," అన్నాడు అల్లుడు నేల చూస్తూ. "తీసేస్తాను."

"తీసేయకండి, దిద్దండి. అందులో నేను మితభాషినని రాశారు. అబద్ధాలున్న మెసేజికి నా కౌంటరులోంచి నేను ఔనను. నిజాలు రాసి పెట్టండి, తీరిక దొరికినప్పుడు చూస్తాను."

అల్లుడు లోపలికి వెళ్ళాడు. మూలన కుర్చీలో చిలకాయన తల వంచుకుని కూర్చుని ఉన్నాడు. చిలకకు పెరిగిన ముక్కు కత్తిరించే డాక్టరు ఇంకెక్కడా లేక రావాల్సి వచ్చింది ఆయనకు. పెద్దమ్మ తర్వాతివాళ్ళను పిలిచింది. వంతు తనదే కావడంతో ఆయన చిలకను పట్టుకుని లేచాడు.

"మీరు కూర్చోండి," అంది పెద్దమ్మ.